అడ్డు తీసే పని మన పిల్లలకివ్వండి: జేఎన్‌టీయూ–గురజాడ ఉపకులపతి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉపకులపతి గారికి,
జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం – గురజాడ, విజయనగరం.



నేను రాజాంలో జిరాక్సు, ఇంటర్నెట్ సెంటర్ నడుపుతున్నాను. ఒక గది, ఐదు కంప్యూటర్లు, రెండు ప్రింటర్లు, ఒక లామినేషన్ మిషను. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చేదాకా మా ఊరు శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. ఆ రోజు నుంచి విజయనగరం జిల్లాలోకి వచ్చింది. పిల్లల టెన్త్ సర్టిఫికెట్లో ఒక జిల్లా, దరఖాస్తు ఫారంలో ఇంకో జిల్లా. ఇలాంటి చిక్కులు విప్పి, ఫారం నింపి, ప్రింటు తీసివ్వడమే నా జీవనం. కానిస్టేబులు, డీఎస్సీ, అగ్నివీర్, రైల్వే, ఈఏపీసెట్ కౌన్సెలింగ్... ఈ ప్రాంతపు పిల్లలు పెట్టుకునే ఆశలన్నీ ఏదో ఒక రోజు మా తెరల ముందుకొస్తాయి. మీ కాలేజీల విద్యార్థులూ వస్తారు. ఆ చనువుతోనే మీకు రాస్తున్నాను.

2025 ఏప్రిల్ 12, శనివారం. ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు. మధ్యాహ్నం సంతకవిటి వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. ఒక చేతిలో కూతురి హాల్‌టికెట్ నంబరు రాసిన చీటీ ఉంది. ఫోను చొక్కా జేబులో బోర్లించి ఉంది. నెమ్మదిగా నా పక్కకొచ్చి, ‘ఏటో వచ్చేత్తంది బావూ, ఆపితే ఆగనేదు’ అన్నాడు. ఫోను తీసి చూశాను. ఫలితాలు ఇవాళో రేపో అని ఊళ్లో అనుకున్న రోజున ఆయన ఏదో సైటు తెరిచాడట. ‘ఫలితాలు చూడాలంటే అనుమతించు నొక్కండి’ అని తెలుగులోనే డబ్బా వచ్చింది. నొక్కాడు. దాని కింద ఆకుపచ్చటి ‘డౌన్‌లోడ్’ బొత్తం కనిపించింది. అదీ నొక్కాడు. అప్పటి నుంచి గంటకోసారి అప్పుల యాప్‌లు, రమ్మీ, చెప్పుకోలేని బొమ్మలు. ఇంట్లో ఉన్నది ఆ ఒక్క ఫోనే. ఫలితం చూసుకోమని ఆ పిల్ల చేతికివ్వడానికి తండ్రికి మొహం చెల్లలేదు.

అమ్మాయి పాసయింది. అసలు ఫలితం ఇంటర్ బోర్డు సైట్లోనూ, అదే ఏడాది జనవరి 30న ప్రభుత్వం మొదలుపెట్టిన ‘మన మిత్ర’ వాట్సాప్ సేవలోనూ ఏ అడ్డూ లేకుండా ఉంది. కానీ ఆయన వెతికిన దారిలో ముందు ఎదురైంది అది కాదు.

ఆ ఫోనులో నోటిఫికేషన్లు ఆపడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది. ఆ మనిషి అప్పటిదాకా పడ్డ నామోషీకి నేను చేయగలిగింది ఏమీ లేదు.

మా సెంటర్లో కంప్యూటర్ల మీద మాత్రం అలాంటి డబ్బాలు కనిపించవు. మూడేళ్లుగా నేను సొంతంగా రాసుకున్న ఒక చిన్న బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ వాటిని దాచేస్తోంది. నేను చదివింది బీకాం. రాత్రి షట్టరు దించాక యూట్యూబ్ చూసి, చేసి, చెడగొట్టి, మళ్లీ చేసి నేర్చుకున్నాను. ఈ ఉత్తరం ఆ ఎక్స్‌టెన్షన్ గురించి. ఇది నా ఒక్కడి చేతిలో ఉండకూడదని చెప్పడానికి.

మొదట నేనూ అందరిలా ప్రకటనలు ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ పెట్టుకున్నాను. 2014లో రేమండ్ హిల్ మొదలుపెట్టిన పని అది. విరాళాలు కూడా వద్దని చెప్పి ఇన్నేళ్లుగా నడుపుతున్నాడు. ఆయనకు నా కృతజ్ఞతలు ఎన్నటికీ ఉంటాయి. పెద్ద పెద్ద ప్రకటనల కంపెనీల నుంచి వచ్చేదంతా అది గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. కానీ మన పిల్లలు చూసే తెలుగు ఉద్యోగ సైట్లలో, ఫలితాల సైట్లలో చిక్కు వేరే చోట ఉంది. ‘మా వాట్సాప్ గ్రూపులో చేరితేనే హాల్‌టికెట్’ అనే డబ్బా, అసలు లింకుకన్నా నాలుగింతలు పెద్దదైన ఉత్తుత్తి ‘డౌన్‌లోడ్’ బొమ్మ, కిందికి దిగుతుంటే వెంటపడే వీడియో... ఇవి బయటి కంపెనీ నుంచి రావు. ఆ సైటు తనే పెట్టుకుంటుంది. గుమ్మం దగ్గర ఆపడానికి వీల్లేదు, ఎందుకంటే ఇంటివాళ్లే. వాటిని లోపలికి వచ్చాకే గుర్తుపట్టి దాచాలి. గుర్తుపట్టాలంటే తెలుగు చదవడం రావాలి.

దాచడానికి నియమాల జాబితాలు ప్రపంచమంతా వాడుకలో ఉన్నాయి. వాటిలో బాగా పేరున్నది ఈజీలిస్ట్. భారతీయ భాషల సైట్ల కోసం ఇండియన్ లిస్ట్ అని ఒకటుంది, అది యూబ్లాక్ సెట్టింగుల్లోనే దొరుకుతుంది. కానీ ఇన్ని భాషల సైట్లను కొద్దిమంది చేతులు ఎంతని చూడగలవు? నాకు రోజూ ఎదురయ్యే పేజీల్లో చాలావాటికి అందులో నియమం దొరకలేదు. అప్పుడు సొంతంగా రాయడానికి కూర్చున్నాను.

ఇది ఎంత చిన్న పనో, ఎంత మెళకువ పనో మీకు తెలుసు. అయినా ఈ లేఖ చదివే మిగతావాళ్ల కోసం చెబుతాను. వెబ్ పేజీ ఒక వంశవృక్షంలా ఉంటుంది. పెద్ద డబ్బా, దాని కడుపులో పిల్ల డబ్బాలు, వాటిలో మళ్లీ అక్షరాలు, బొమ్మలు. చాలా డబ్బాలకు పేజీ రాసినవాడు ఒక పేరు పెడతాడు. ‘ఈ సైటులో ఈ పేరున్న డబ్బాను చూపించకు’ అని ఒక్క వరుస రాస్తే చాలు, అదే నియమం. ముందు సైటు పేరు, తర్వాత రెండు హ్యాష్ గుర్తులు, తర్వాత డబ్బా పేరు. ఎక్స్‌టెన్షన్ చేసేదల్లా పేజీ తెరుచుకోగానే ఈ నియమాలను దాని మీద పరచడం. నాది మొదట మూడు ఫైళ్లు. పేరూ అనుమతులూ ఉండే మ్యానిఫెస్ట్ ఒకటి, దాచే నియమాల స్టైల్ ఫైలు ఒకటి, కాపలా కాసే స్క్రిప్టు ఒకటి.

కాపలా ఎందుకంటే, ఈ డబ్బాలు పేజీతో పాటు రావు. మనం చదవడం మొదలుపెట్టాక పది సెకన్లు ఆగి వస్తాయి. పేజీలో కొత్తగా ఏదైనా చేరితే కబురు చేసే ఏర్పాటు బ్రౌజర్‌లోనే ఉంది, మ్యుటేషన్ అబ్జర్వర్ అంటారు. మొదట్లో ప్రతి కబురుకీ నా స్క్రిప్టు పేజీ మొత్తం వెతికేది. మా పాత కంప్యూటర్లు ఆయాసపడిపోయాయి. కబుర్లన్నీ పోగయ్యాక ఒకసారి, అదీ కొత్తగా చేరిన చోటే వెతికేలా మార్చడానికి నాకు నెల పట్టింది. మీ విద్యార్థికి ఒక సాయంత్రం చాలు.

ఒక తప్పు గురించి దాచకుండా చెప్పాలి. ప్రకటనల డబ్బాల పేర్లలో ఇంగ్లీషు ‘ఏ’, ‘డీ’ అక్షరాలు పక్కపక్కన ఉంటాయి గదా అని, ఆ రెండక్షరాలు ఎక్కడున్నా దాచెయ్యమని ఒక నియమం రాశాను. మర్నాడు ఒక కుర్రాడు కానిస్టేబులు పరీక్ష అడ్మిట్ కార్డు కోసం వచ్చాడు. పేజీలో లింకు లేదు. సైటులో ఇంకా పెట్టలేదేమో, రేపు రమ్మని పంపేశాను. ఆ రాత్రి అర్థమైంది. ‘అడ్మిట్’ అన్న ఇంగ్లీషు మాట ఆ రెండక్షరాలతోనే మొదలవుతుంది. ‘అడ్రస్’ కూడా అంతే. ‘డౌన్‌లోడ్’లో అవి చివర ఉన్నాయి. నేనే ఆ కుర్రాడి హాల్‌టికెట్‌ను దాచేశాను. ఫోన్ చేసి పిలిచి, క్షమించమని అడిగి, డబ్బు తీసుకోకుండా ప్రింటిచ్చాను. పరీక్షకు ఇంకా నాలుగు రోజులుంది గనక సరిపోయింది. ఒక్కరోజే ఉండి ఉంటే?

అందుకే అంటున్నాను, ఇది ఒక్కడి చేతిలో ఉండాల్సిన పని కాదు. ఇంకొకరు చూసి ఉంటే ఆ నియమం ఆ రాత్రే ఆగిపోయేది.

డబ్బాల పేర్లను నమ్ముకోవడం కూడా ఎక్కువ కాలం సాగలేదు. కొన్ని సైట్లు వాటికి రోజుకో అర్థంలేని పేరు పెడుతున్నాయి. పేరు మారినా లోపలి మాటలు మారవు కదా అని, డబ్బాలో ఉన్న తెలుగు మాటలను బట్టి పట్టుకోవడం మొదలుపెట్టాను. అక్కడ మన లిపి నాకు కొత్త పాఠం చెప్పింది. ‘డౌన్‌లోడ్’ అన్న మాటే తీసుకోండి. ‘న’కు పొల్లు నిలిచి, ‘లో’ విడిగా రావాలంటే ఆ రెంటి మధ్య కంటికి కనిపించని ఒక అక్షరం టైపు చేయాలి. యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి. అది పెట్టకపోతే ‘న’ కింద ల వత్తు పడి ‘డౌన్లోడ్’ అవుతుంది. చదివే మనిషికి రెండూ ఒకటే. కంప్యూటరుకు రెండు వేర్వేరు మాటలు. ఐత్వం గుర్తుకూ ఇదే తంటా. దాన్ని ఒకే సంకేతంగానూ రాయొచ్చు, ఎత్వం గుర్తుకు ఇంకో గుర్తు చేర్చి రెండుగానూ రాయొచ్చు. కాబట్టి పోల్చేముందు ఆ కనిపించని అక్షరాన్ని తీసేయాలి, రెండు రకాల రాతనూ ఒక పద్ధతికి తేవాలి. ఈ సంగతి ఇంగ్లీషు జాబితాలు రాసేవాళ్లకు తట్టాల్సిన అవసరమే రాదు. తెలుగువాళ్లే పట్టించుకోవాలి.

తెలుగు పేజీని బ్రౌజర్‌లోనే చక్కబెట్టుకోవడం మనకు కొత్తేమీ కాదు. ఇరవయ్యేళ్ల కిందట తెలుగు పత్రికల సైట్లు ఎవరి ఫాంటు వాళ్లవి. ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గీతలు కనిపించేవి. అందులో మాట వెతకడానికి లేదు, కాపీ చేస్తే ఇంకెక్కడా పనికిరాదు. అప్పుడు వెన్న నాగార్జున ‘పద్మ’ అనే ఎక్స్‌టెన్షన్ రాశారు. ఫైర్‌ఫాక్స్‌లో పెట్టుకుంటే ఆ సొంత ఫాంట్ల రాతను యూనికోడ్ తెలుగులోకి అక్కడికక్కడే మార్చి చూపించేది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు పునాది వేసినదీ ఆయనే. పత్రికలు యూనికోడ్‌కు మారాక ‘పద్మ’ అవసరం తగ్గిపోయింది. అలాంటి సాధనానికి అంతకన్నా మంచి ముగింపు ఏముంటుంది? నా నియమాల ఫైలుకూ ఆ రోజు రావాలనే కోరుకుంటున్నాను. వచ్చేదాకా అది బతికి ఉండాలి.

ఇక్కడ ఒక్క వివరం. దాచడం వేరు, ఆపడం వేరు. దాచిన డబ్బా కూడా డేటా తింటుంది, వచ్చాకే కదా దాచేది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ ముందు రాత్రి నేను మా అత్తగారి ఊరు వజ్రపుకొత్తూరు వైపు తుపాను ఎటు పోతోందో చూద్దామని తెరిచిన పేజీలో, ఉన్న కొద్దిపాటి సిగ్నలంతా ఏదో వీడియో ప్రకటన తాగేసింది. తుపాను పటం రానేలేదు. కాబట్టి బయటి నుంచి వచ్చే బరువును ఆపాలి, లోపలివాళ్లు పెట్టే మాయను దాచాలి. రెండూ కావాలి. 2024, 2025లలో గూగుల్ క్రోమ్ పాత పద్ధతి ఎక్స్‌టెన్షన్లను నిలిపేశాక యూబ్లాక్ ఆరిజిన్ అందులో పనిచేయడం మానేసింది, దాని లైట్ రకం మిగిలింది. ఆపే పనికి క్రోమ్‌లో పగ్గాలు పడ్డాయి. దాచే పని మాత్రం ఆ మార్పుకు చిక్కలేదు, కొత్త పద్ధతిలోనూ నిక్షేపంగా నడుస్తోంది. ఫోన్ల సంగతి వేరు. ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్ 2023 డిసెంబరులో ఎక్స్‌టెన్షన్లకు తలుపులు బార్లా తెరిచింది. సంతకవిటి రైతు ఫోనుకు చేరడానికి అదొక దారి.

మా సెంటరుకు చీపురుపల్లి వైపు నుంచి చూపులేని ఒక యువకుడు వస్తుంటాడు. బ్యాంకు పరీక్షలకు చదువుకుంటున్నాడు. మా కంప్యూటర్ ఒకదాంట్లో అతని కోసం ఎన్‌వీడీఏ పెట్టాను. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ 2006లో మొదలుపెట్టి, జేమ్స్ టేతో కలిసి పెంచిన ఉచిత సాఫ్ట్‌వేరు అది. ఇద్దరూ చూపులేనివాళ్లే. తెర మీద ఉన్నదంతా వరుసగా చదివి వినిపిస్తుంది. మా ఎక్స్‌టెన్షన్ ఉంది కదా, ఇక నీకు హాయి అన్నాను. ఐదు నిమిషాల తర్వాత అతను, ‘అన్నా, మీరు తీసేశామన్నవన్నీ నాకు వినిపిస్తున్నాయి’ అన్నాడు.

అప్పట్లో నేను కొన్ని డబ్బాలను పూర్తిగా పారదర్శకం చేసి వదిలేసేవాణ్ని. కంటికి కనిపించవు, కానీ పేజీలో ఉంటాయి. ఎన్‌వీడీఏ వాటిని శ్రద్ధగా చదువుతుంది. మనం కళ్లతో ఒక్క చూపులో దాటేసే చెత్తను అతను మాట మాటా వినాలి. ‘వాట్సాప్ గ్రూపులో చేరండి, చేరండి, మూసివేయి, చేరండి.’ ఉద్యోగ నోటిఫికేషన్‌లోని అసలు విషయం దగ్గరికి చేరడానికి అతనికి అన్నేసి నిమిషాలు. ఆ రోజే నియమాలన్నీ ‘డిస్‌ప్లే నన్’ పద్ధతికి మార్చాను. అలా దాస్తే కంటికీ ఉండదు, చెవికీ ఉండదు. ఆ యువకుడు పరీక్షించి సరేనన్నాకే ఇప్పుడు ఏ నియమమైనా మా కంప్యూటర్లలోకి వెళ్తుంది. నా దగ్గరున్న అందరికన్నా గట్టి పరీక్షకుడు అతనే. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో సుప్రీంకోర్టు డిజిటల్ అందుబాటు రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చే జీవించే హక్కులో భాగమని చెప్పింది. ఆ తీర్పు చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ‘చేరండి, చేరండి’ అని వింటూ ఓపిగ్గా కూర్చున్న అతని మొహం.

ప్రకటనలన్నీ దాచెయ్యాలని నేను కోరడం లేదు. ఈ విషయంలో నాతో వాదించే మిత్రులున్నారు, వాళ్లకూ ఇదే చెబుతాను. చిన్న పత్రిక పేజీ అడుగున శ్రీకాకుళం బట్టల కొట్టు ప్రకటన ఉంటే అది ఆ పత్రిక తిండి, దాని జోలికి నేను పోను. దాచేది మోసాన్ని. ఆ గీత ఎక్కడ గీయాలో నా బుద్ధికొద్దీ గీయనక్కర్లేదు కూడా, చట్టమే గీసింది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్న్స్ నిరోధానికి మార్గదర్శకాలు ప్రకటించింది. మాయపుచ్చే పద్ధతులు 13 రకాలని పేర్లతో సహా చెప్పింది. లేని తొందర పుట్టించడం, పదే పదే విసిగించడం, ప్రకటనను వార్తలాగో బొత్తంలాగో వేషం వేయించడం, అడిగింది ఇవ్వడానికి సంబంధం లేని పని చేయించడం అందులో ఉన్నాయి. నా నియమాల్లో దాదాపు అన్నీ ఈ నాలుగింటి కిందికే వస్తాయి. చట్టం ఉంది, ఫిర్యాదుకు 1915 అనే నంబరు ఉంది. కానీ ఫలితాల రోజున సంతకవిటి రైతు ముందు 1915కు ఫోన్ చేసి, ఆ తర్వాత కూతురి మార్కులు చూసుకుంటాడా? చట్టం వచ్చి చేరేలోపు ఆ డబ్బా ఆయన కంటబడకుండా ఎవరో ఒకరు అడ్డం నిలబడాలి. జర్మనీలో ఒక పెద్ద పత్రికా సంస్థ ప్రకటనలు ఆపే ఎక్స్‌టెన్షన్ మీద కోర్టుకెక్కితే, అక్కడి అత్యున్నత సివిల్ న్యాయస్థానం 2018 ఏప్రిల్‌లో అది అన్యాయమైన పోటీ కాదని తేల్చింది. తన తెర మీద ఏం కనబడాలో చూసేవాడే నిర్ణయించుకోవచ్చన్నది నా నమ్మకం కూడా.

అయితే ఈ పని ఎవరి చేతిలో ఉందన్నది చాలా పెద్ద ప్రశ్న. పేజీలో దాచగలిగిన ఎక్స్‌టెన్షన్ పేజీని చదవగలదు. ‘మీరు చూసే అన్ని సైట్లలోని సమాచారాన్ని చదవడానికి, మార్చడానికి అనుమతి’ అని బ్రౌజర్ అడిగేది ఉత్తినే కాదు. మా కంప్యూటర్ల మీద రోజూ ఆధార్ నంబర్లు, బ్యాంకు పాస్‌వర్డులు టైపు చేస్తారు. 2020 అక్టోబరులో నానో యాడ్‌బ్లాకర్ అనే మంచి పేరున్న ఎక్స్‌టెన్షన్‌ను దాని రచయిత వేరేవాళ్లకు అమ్మేశాడు. కొన్నవాళ్లు అందులో చడీచప్పుడు లేకుండా వాడేవాళ్ల సమాచారం లాగే కోడు చేర్చారు. అప్పటిదాకా నమ్మి పెట్టుకున్నవాళ్లలో చాలామందికి ఒక్క ముక్క తెలియదు. రేపు నాకు డబ్బు అవసరం పడితే? నన్ను నమ్మండి అని నేను చెప్పవచ్చు. కానీ ఒక మనిషి మాట మీద ఇన్ని వందల మంది ఆధార్ నంబర్లు ఆధారపడటం నాకే నచ్చడం లేదు.

దీనికి పూర్వం ఒక దారి చూపినవాళ్లున్నారు. ఇలా ప్రకటనలు తీసే ఎక్స్‌టెన్షన్ 2002లో డెన్మార్క్‌లో హెన్రిక్ ఆస్టెడ్ సోరెన్సన్ అనే విద్యార్థి మొదలుపెట్టాడు. చదువుకునే కుర్రాడే. అది చేతులు మారి, 2006లో వ్లాదిమిర్ పలాంట్ చేతిలో యాడ్‌బ్లాక్ ప్లస్ అయింది. ఇందాక చెప్పిన ఈజీలిస్ట్‌ను 2005లో రిక్ పెట్నెల్ మొదలుపెట్టాడు. ఆయన 2009లో చనిపోయాడు. జాబితా చనిపోలేదు, వేరే వాలంటీర్లు అందుకున్నారు. ఇవాళ్టికీ రోజూ కొత్త నియమాలు చేరుతూనే ఉన్నాయి. అది కోడు కాదు, ఉత్త జాబితా. ఎవరైనా చదవవచ్చు, ప్రతి వరుస ఎవరు ఎప్పుడు చేర్చారో చూడవచ్చు. ఒక మనిషి పోయినా ఒక పని నిలిచిందంటే దాన్ని అందుకునే చేతులు ముందే ఉండాలి. మన దగ్గర ఏటేటా కొత్త చేతులొచ్చే చోటు విశ్వవిద్యాలయం ఒక్కటే.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీ పరిధిలోని ఇంజినీరింగ్ కాలేజీల్లో కంప్యూటర్ సైన్సు ఫైనలియర్ పిల్లలకు తెలుగు నియమాల జాబితాను నడిపే పనిని ప్రాజెక్టుగా గుర్తించండి. ఫైనలియర్ ప్రాజెక్టు అంటే ఏం జరుగుతోందో మీకు నేను చెప్పనక్కర్లేదు. రికార్డులు బైండింగు చేయించుకోవడానికి నా దగ్గరికే వస్తారు. డబ్బిచ్చి తెచ్చుకున్న ప్రాజెక్టు పేరు కూడా సరిగ్గా పలకలేని పిల్లలను చూశాను, వాళ్ల మీద కోపం కన్నా బాధే ఎక్కువ కలిగింది. వైవా అయ్యాక ఆ పుస్తకం ఎవరూ తెరవరు. ఈ పని అలా కాదు. జూన్‌లో ఒక బ్యాచి రాసిన నియమం జులైలో పార్వతీపురం పిల్ల తెర మీద పనిచేస్తుంది. సైటు మారితే విరిగిపోతుంది, అప్పుడు తర్వాతి బ్యాచి దాన్ని బాగుచేయాలి. సీనియర్ల కోడు చదవడం, ఎందుకలా రాశారో అర్థం చేసుకోవడం, పాడుచేయకుండా మార్చడం... ఉద్యోగంలో చేరిన మర్నాటి నుంచి వాళ్లు చేయబోయేది ఇదే.

కొన్ని కట్టుబాట్లు మాత్రం మొదటి రోజే ఉండాలని నా అనుభవం చెబుతోంది. ఒకరు రాసిన నియమాన్ని ఇంకొకరు చూడకుండా చేర్చకూడదు, అడ్మిట్ కార్డు సంగతి చెప్పాను కదా. ప్రతి నియమం పక్కన ఎందుకు దాస్తున్నామో తెలుగులో ఒక్క వాక్యం ఉండాలి. ఏ సైటు యజమాని అయినా ‘నాది ఎందుకు దాచారు’ అని అడిగితే వారం లోపల జవాబివ్వాలి, తప్పయితే తీసేయాలి. స్క్రీన్ రీడర్ వాడే ఒక విద్యార్థి ప్రతి బృందంలో ఉండాలి, దొరక్కపోతే వెతకాలి. ప్రకటనల కంపెనీ నుంచి ఒక్క రూపాయి పుచ్చుకోకూడదు. యాడ్‌బ్లాక్ ప్లస్ 2011లో ‘ఆమోదయోగ్యమైన ప్రకటనలు’ అంటూ కొన్నిటిని వదిలిపెట్టడం మొదలుపెట్టి, పెద్ద కంపెనీల దగ్గర డబ్బు తీసుకుంది. అప్పటి నుంచి దాని నిజాయితీ మీద ప్రశ్నలు ఆగలేదు. మన జాబితా మీద ఆ నీడ పడకూడదు.

తయారైన జాబితాను ముందు మీ కాలేజీల ల్యాబుల్లో, గ్రంథాలయాల్లో పెట్టండి. తర్వాత ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయాన్ని అడగండి. సచివాలయాల కంప్యూటర్లకు కూడా చేర్చమని కలెక్టర్లను అడగవచ్చు, మీరు అడిగితే వింటారు. నాలాంటి నెట్ సెంటర్ల వాళ్లం ఊరూరా ఉన్నాం. రోజూ కొత్త మోసపు డబ్బా మాకే ముందు కనిపిస్తుంది. ఫొటో తీసి పంపమంటే పంపుతాం.

మీ విశ్వవిద్యాలయం పేరులో గురజాడ ఉన్నారు. మద్రాసు విశ్వవిద్యాలయం తెలుగు వ్యాసరచన ఏ భాషలో ఉండాలో తేల్చడానికి కమిటీ వేస్తే, ఆయన 1914లో సుదీర్ఘమైన అసమ్మతి పత్రం రాశారు. మా శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారిదీ అదే పోరు. చదువుకునే పిల్లవాడికీ చదువుకూ మధ్య అడ్డుగా నిలబడ్డ గ్రాంథిక భాషను తీసేయమన్నారు. అంతేకాదు, గిడుగు గారు సవరల భాష నేర్చుకున్నారు, వాళ్లకు పుస్తకాలు రాశారు. ఒక విశ్వవిద్యాలయం మనసు మార్చుకోవాలని మన ప్రాంతం వాళ్లు ఒకప్పుడు అంత పట్టుదలగా రాశారు కాబట్టే, ఆ పేరు పెట్టుకున్న విశ్వవిద్యాలయానికి ఈ ఉత్తరం రాయడానికి నాకు ధైర్యం వచ్చింది.

నా దగ్గర మూడు వందలకు పైగా నియమాలున్నాయి. సగం వాటికి పక్కన కారణం కూడా రాసి ఉంది, మిగతావాటికి రాస్తున్నాను. వాటి మీద నాకు ఏ హక్కూ అక్కర్లేదు, పేరూ అక్కర్లేదు. వచ్చే విద్యాసంవత్సరం ప్రాజెక్టు అంశాలు ఖాయం చేసేలోపు ఒక్కసారి పిలవండి. చీపురుపల్లి మీదుగా బస్సెక్కి, పెన్‌డ్రైవ్ పట్టుకుని ద్వారపూడి క్యాంపస్‌కు నేనే వస్తాను. పరీక్షకుడిగా ఆ యువకుణ్ని కూడా వెంటబెట్టుకుని వస్తాను.

ఇట్లు,
ఇంటర్నెట్ సెంటర్ నిర్వాహకుడు,
రాజాం, విజయనగరం జిల్లా.